ఎకో నార్మల్ వచ్చింది కదా, మళ్లీ యాంజియో ఎందుకు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది నంద్యాల. నేను హైస్కూల్లో లెక్కల టీచరుని. మా వారికి 54 ఏళ్లు, విత్తనాల కొట్టు నడుపుతారు. పదేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. రెండు నెలలుగా మేడ మెట్లెక్కితే ఛాతీ మధ్యలో పట్టేసినట్టు ఉంటోంది. రెండు నిమిషాలు నిలబడితే తగ్గిపోతుంది. ఈసీజీ, ఎకో నార్మల్ అన్నారు. టీఎంటీలో, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించే పరీక్షలో, ఏడు నిమిషాలు నడిచాక కొద్దిగా పాజిటివ్ అన్నారు. ఒక డాక్టరు నేరుగా యాంజియోగ్రామ్ చేయించుకోమన్నారు, బ్లాకు ఉంటే అక్కడికక్కడే స్టెంట్ వేస్తారట. ఇంకో డాక్టరు ముందు సీటీ యాంజియో చాలన్నారు. డల్లాస్‌లో ఉన్న మా అక్క కొడుకు కూడా సీటీయే అంటున్నాడు. పక్కింటాయన క్యాల్షియం స్కోర్ సున్నా వస్తే ఇంకేమీ అక్కర్లేదంటున్నారు. మా బంధువు ఒకాయన ఉత్త యాంజియో అని లోపలికెళ్తే, మధ్యలో ఒకరు బయటికొచ్చి స్టెంట్‌కి సంతకం పెట్టమన్నారట. నాకు ఆ పరిస్థితి వస్తే ఏం చేయాలి? ఎకో నార్మల్ వచ్చాక కూడా ఇవన్నీ అవసరమా? నాకూ ఈ మధ్య బడి మెట్లెక్కితే ఆయాసం వస్తోంది కానీ అది వయసు వల్లే అనుకుంటున్నాను.

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో ఆరు పరీక్షల పేర్లున్నాయి, నలుగురి సలహాలున్నాయి. మీ అసలు భయం మాత్రం ఆ సంతకం దగ్గరుందని అర్థమైంది. దాని గురించి తప్పకుండా చెప్తాను.

అన్నిటికంటే ముందు ఒక జాగ్రత్త. మీ వారికి ఇప్పుడున్నది శ్రమ పడితే వచ్చి, నిలబడితే పోయే నొప్పి. అది కూర్చున్నప్పుడు కూడా రావడం మొదలైనా, నిద్రలోంచి లేపినా, రోజురోజుకీ తక్కువ నడకకే వస్తున్నా, చెమటలు పట్టి పది నిమిషాలకీ తగ్గకపోయినా ఈ ఉత్తరం పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. అప్పుడు టీఎంటీ వద్దు, సీటీ వద్దు. నేరుగా క్యాథ్ ల్యాబ్ (యాంజియో చేసి స్టెంట్ వేసే గది) ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లకి నొప్పి సరిగ్గా తెలియకపోవచ్చు. ఒట్టి ఆయాసం, చల్లచెమట, వాంతి వచ్చేలా ఉండటం, ఇవే గుండెపోటు కావచ్చు.

ఇక ఎకో సంగతి. ఎకో బాగుంది కాబట్టి బ్లాకులు లేవనుకుని ఇంటికెళ్లిపోయినవాళ్లని చాలామందిని చూశాను. అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను.

ఎకో చూపించేది పంపుని. గుండె కండరం ఎంత బలంగా ముడుచుకుంటోంది, కవాటాలు సరిగ్గా మూసుకుంటున్నాయా, గోడలు మందమయ్యాయా అన్నది అందులో తెలుస్తుంది. ఇది 1953లో స్వీడన్‌లోని లుండ్ పట్టణంలో పుట్టింది. ఇంగే ఎడ్లర్ అనే గుండె వైద్యుడు, హెల్ముత్ హెర్జ్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు కలిసి, ఓడల కార్ఖానాలో లోహంలో పగుళ్లు వెతకడానికి వాడే యంత్రాన్ని అరువు తెచ్చి గుండె మీద పెట్టి చూశారు. ఆ ధ్వని తరంగాలకి కదిలే గోడలు బాగా దొరుకుతాయి. గుండెకి రక్తం మోసుకెళ్లే కరోనరీ నాళాలు మాత్రం మూడు మిల్లీమీటర్ల చిల్లర లావు, బాల్‌పెన్ రీఫిల్ అంత. మామూలు ఎకోలో వాటి లోపలి పూడిక కనపడదు. బోరు మోటారు చక్కగా తిరుగుతోందంటే పైపులో పాచి పట్టలేదని అర్థం కాదు కదా. మీ వారి మోటారు బాగుంది. అది నిజంగా సంతోషించాల్సిన విషయమే, ముందు ముందు చేసే వైద్యానికి కూడా ఎంతో మేలు. కానీ మీరడుగుతున్నది పైపు గురించి. విశ్రాంతిగా పడుకున్నప్పుడు తీసిన ఈసీజీ కూడా అంతే. నొప్పి లేని సమయంలో అది నార్మల్‌గా ఉండటం మామూలే.

టీఎంటీ శ్రమ పెట్టి చూస్తుంది కాబట్టి వాటికంటే ఒక మెట్టు పైన. మీరు లెక్కల టీచరు గనక అంకెల్లోనే చెప్తాను. 147 అధ్యయనాలు, దాదాపు 24,000 మంది ఫలితాలు కలిపి 1989లో ఒక లెక్క తేల్చారు. నిజంగా బ్లాకులున్న 100 మందిలో టీఎంటీ సుమారు 68 మందిని పట్టుకుంది, 32 మందిని వదిలేసింది. బ్లాకుల్లేని 100 మందిలో 23 మందికి ఉన్నట్టు చూపించింది. ఆడవాళ్లలో ఈ తప్పుడు పాజిటివ్‌లు ఇంకా ఎక్కువ. అంచేత 'కొద్దిగా పాజిటివ్' అన్నది తీర్పు కాదు, అనుమానం. మీ వారి వయసు, షుగర్, మెట్ల దగ్గర వచ్చే నొప్పి తీరు కలిపితే ఆ అనుమానం బలమైనదే. ఆయన ఏడు నిమిషాలు నడవగలగడం మాత్రం మంచి సూచన. మూడు నిమిషాలకే ఆపాల్సి వచ్చినా, నడుస్తుండగా బీపీ పడిపోయినా నేను కూడా నేరుగా యాంజియోకే పంపేవాణ్ణి.

ఇప్పుడు యాంజియో, సీటీ. రెండింటిలోనూ నాళాలు కనపడేలా చేసే మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు, తేడా ఏమిటని చాలామంది అడుగుతారు.

మీది నంద్యాల కాబట్టి కేసీ కాలువనే చెప్తాను. కాలువ గట్టు మీద నిలబడి చూస్తే నీళ్లు ఎంత వెడల్పున పారుతున్నాయో తెలుస్తుంది. ఎక్కడైనా పాయ సన్నబడితే అక్కడ అడ్డుందని తెలుస్తుంది. కానీ నీటి అడుగున ఎంత ఒండ్రు పేరుకుందో, గట్టు లోపల ఎక్కడ గుల్లబారిందో తెలియదు. చేతి నుంచో తొడ నుంచో సన్నని గొట్టం పంపి చేసే యాంజియోగ్రామ్ చూపించేది ఆ పారే నీటిని. సీటీ యాంజియో నీటితో పాటు గట్టుని కూడా చూపిస్తుంది. నాళం గోడలో పేరుకున్న కొవ్వు, గట్టిపడిన సున్నం కూడా అందులో కనపడతాయి.

గట్టు చూడటం ఎందుకంటే, గుండెపోట్లు చాలావరకు 90 శాతం మూసుకుపోయిన చోటే వస్తాయని మనం అనుకుంటాం. అది నిజం కాదు. 40, 50 శాతం ఉండి ఏ నొప్పీ ఇవ్వని మెత్తటి పూడిక ఒక్కసారిగా పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి, నిమిషాల్లో నాళం మూసుకుపోవడం చాలా సాధారణం. అలాంటి పూడికకి టీఎంటీ నెగెటివ్ వస్తుంది. స్టెంట్ వేయడానికి అక్కడ ఏమీ ఉండదు. దాన్ని చల్లార్చేవి మాత్రలే.

స్కాట్లండ్‌లో చేసిన పరిశోధన ఈ విషయాన్ని నా మనసులో స్థిరం చేసింది. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ న్యూబీ బృందం 2010 నుంచి 2014 వరకు ఛాతీ నొప్పితో క్లినిక్‌లకి వచ్చిన 4,146 మందిని రెండు భాగాలు చేసింది. ఒక భాగానికి మామూలు వైద్యం, రెండో భాగానికి దాంతో పాటు సీటీ యాంజియో. ఈ అధ్యయనాన్ని స్కాట్-హార్ట్ అంటారు. అయిదేళ్ల తర్వాత చూస్తే, గుండె నాళాల జబ్బుతో చనిపోయినవాళ్లు, గుండెపోటు వచ్చినవాళ్లు కలిపి మామూలు వైద్యం వైపు 81 మంది, సీటీ వైపు 48 మంది. శాతాల్లో 3.9, 2.3.

మీ విద్యార్థులకైతే ఇక్కడ ఆగి 'ఎందువల్ల?' అని అడుగుతారు కదా. సీటీ వైపు ఎక్కువ స్టెంట్లు వేశారేమో అనిపిస్తుంది. లేదు. అయిదేళ్లు తిరిగేసరికి యాంజియోగ్రామ్‌లు, స్టెంట్లు, బైపాస్‌లు రెండు వైపులా దాదాపు సమానం. తేడా వచ్చింది మాత్రల దగ్గర. గోడలో పూడిక కళ్లారా కనపడేసరికి డాక్టర్లు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర), ఆస్పిరిన్ లాంటివి సరైనవాళ్లకి ఎక్కువగా రాశారు. నాళాలు శుభ్రంగా ఉన్నవాళ్లకి అనవసరమైన మాత్రలు ఆపగలిగారు. 2025లో పదేళ్ల ఫలితాలు వచ్చాయి, మేలు అప్పటికీ నిలిచే ఉంది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఉత్తర అమెరికాలో 10,003 మంది మీద ప్రామిస్ అనే పరిశోధన జరిగింది. అందులో సగం మందికి సీటీ, సగం మందికి శ్రమ పరీక్షలు. రెండేళ్ల చిల్లర తర్వాత ప్రాణనష్టం, గుండెపోటు వంటివి కలిపి చూస్తే రెండు వైపులా పెద్ద తేడా లేదు. కాబట్టి స్కాన్ తీసిన మాత్రాన ఎవరూ బాగుపడరు. స్కాన్ చూశాక ఏం చేశామన్నదే లెక్క.

మరి మీ వారికి ఏది? నేను చూడకుండా ఆయన డాక్టరు స్థానంలో కూర్చోలేను. మీరు రాసిన వివరాలే మొత్తం అయితే, నొప్పి పెరగకుండా నిలకడగా ఉంటే, సీటీతో మొదలుపెట్టడం సరైన దారే. యూరప్‌లో డిశ్చార్జ్ అనే పరిశోధనలో ఇలాంటి అనుమానం ఉన్న 3,561 మందిని, సీటీ వైపు కొందరిని, నేరుగా గొట్టం యాంజియో వైపు కొందరిని పంపారు. సుమారు మూడున్నరేళ్లలో పెద్ద ప్రమాదాలు 2.1 శాతం, 3.0 శాతం. ఆ తేడాని కచ్చితమైన తేడాగా లెక్కించలేదు, అంటే సీటీ వల్ల నష్టం లేదన్నమాట. పరీక్షకీ ఆ తర్వాతి ప్రక్రియలకీ సంబంధించిన పెద్ద ఇబ్బందులు మాత్రం సీటీ వైపు 0.5 శాతం, యాంజియో వైపు 1.9 శాతం. మీ అక్క కొడుకు చెప్పింది బాగానే ఉంది. అలాగని నేరుగా యాంజియో అన్న డాక్టరు తప్పు చెప్పారని అనుకోకండి. పదేళ్ల షుగర్, శ్రమకి పట్టేసే నొప్పి విన్న ఏ గుండె డాక్టరుకైనా ఆ ఆలోచన వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో నాళాల్లో సున్నం ఎక్కువగా పేరుకుంటుంది. సున్నం మరీ ఎక్కువైతే సీటీలో అది ఉన్నదానికంటే లావుగా మెరిసి, లోపలి దారి ఎంతుందో తెలియకుండా చేస్తుంది. అప్పుడు గొట్టం యాంజియో తప్పదు. ఆ మాట ముందే అనుకుని వెళ్తే, సీటీ డబ్బులు వృథా అయ్యాయన్న బాధ ఉండదు.

పక్కింటాయన చెప్పిన క్యాల్షియం స్కోర్ మందు ఎక్కించకుండా, నాళాల్లో సున్నం (క్యాల్షియం) ఎంత పేరుకుందో మాత్రమే లెక్కపెట్టే చిన్న స్కాన్. 1990లో ఆర్థర్ అగాట్‌స్టన్ పేరు మీద వచ్చిన లెక్క అది. ఏ నొప్పీ లేని మనిషికి స్టాటిన్ మొదలుపెట్టాలా వద్దా అన్న సందిగ్ధంలో చాలా ఉపయోగం. నొప్పి ఉన్న మీ వారికి మాత్రం సున్నా వచ్చినా దాంతో సరిపెట్టుకోకూడదు. మెత్తటి పూడికకి ఇంకా సున్నం పట్టి ఉండదు. డెన్మార్క్‌లో 23,000 మందికి పైగా రోగులని చూస్తే, గట్టి అడ్డంకి ఉన్నవాళ్లలో స్కోర్ సున్నా ఉన్నవాళ్లు 40 లోపు వయసులో 58 శాతం, యాభైల్లో 18 శాతం. మనవాళ్ల సంగతి ఇంకా ఆలోచించాలి. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకి వచ్చింది. మిగతా దేశాల వాళ్లకి దాదాపు 59. ఆరేళ్లు ముందే జబ్బు వచ్చే మనకి, సున్నం పట్టేదాకా ఆగి చూసే పరీక్ష ఒక్కటే చాలదు.

సీటీకి వెళ్లేముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించండి, ఎందుకంటే ఎక్కించే అయోడిన్ మందు కిడ్నీల మీద భారం. మెట్‌ఫార్మిన్ వాడుతున్నారని తప్పకుండా చెప్పండి, కిడ్నీ పనితీరు తక్కువైతే రెండు రోజులు ఆపమంటారు. గుండె వేగం నిమిషానికి 60, 65కి తగ్గితేనే బొమ్మ స్పష్టంగా వస్తుంది కాబట్టి మెటోప్రోలాల్ లాంటి మాత్ర ఇస్తారు. ఉబ్బసం ఉంటే ముందే చెప్పాలి. ఆ ఉదయం కాఫీ, టీ వద్దు. నాలుక కింద నైట్రోగ్లిసరిన్ పెడతారు గనక, మగవాళ్లు లైంగిక పటుత్వం కోసం సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు వాడి ఉంటే సిగ్గుపడకుండా చెప్పాలి, రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఈ మాట మీ ముందు చెప్పడానికి మీ వారు ఇబ్బంది పడొచ్చు. టెక్నీషియన్ అడిగేటప్పుడు మీరు కాసేపు బయట కూర్చోండి.

ఇప్పుడు సంతకం.

గొట్టం యాంజియో ఎలా పుట్టిందో చెప్తే దాని శక్తీ, దాని బరువూ రెండూ తెలుస్తాయి. 1958 అక్టోబరులో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ అనే వైద్యుడు ఒక రోగి మహాధమనిలోకి మందు ఎక్కించబోతుండగా గొట్టం కొస జారి కుడి కరోనరీ నాళంలోకి దూరింది. మందంతా అందులోకే వెళ్లింది. రోగి గుండె ఆగింది. సోన్స్ గట్టిగా 'దగ్గు, దగ్గు' అని అరిచాడు. రోగి దగ్గాడు, గుండె మళ్లీ కొట్టుకుంది. నాళంలోకి నేరుగా మందు పంపినా మనిషి బతుకుతాడని ఆ రోజే తెలిసింది. గుండెపోటు వచ్చిన మనిషిని ఇవాళ గంటలో లేపి కూర్చోబెట్టగలుగుతున్నామంటే ఆ దారి వల్లే. గుండెపోటు సమయంలో స్టెంట్‌కి సంతకం అడిగితే ఆలోచించకుండా పెట్టండి. అక్కడ ప్రతి నిమిషం కండరమే.

మీ వారిది ఆ పరిస్థితి కాదు. నిలకడగా ఉన్న నొప్పిలో ఆ తొందర లేదు. శ్రమ పరీక్షల్లో మధ్యస్థంగానో తీవ్రంగానో రక్తం తగ్గుతున్న 5,179 మందిని ఇస్కీమియా అనే పరిశోధనలో చేర్చుకున్నారు. మన దేశం నుంచి కూడా చాలామంది చేరారు. సగం మందికి మంచి మందులు, వాటితో పాటు స్టెంటో బైపాసో. మిగతా సగానికి ముందు మందులే, తగ్గకపోతేనే మిగతావి. 2020లో వచ్చిన ఫలితాల్లో అయిదేళ్లకి ప్రాణనష్టం, గుండెపోటు లాంటివి 16.4 శాతం, 18.2 శాతం, అంటే గట్టిగా తేడా ఉందనలేనంత దగ్గర. నొప్పి తరచుగా వచ్చేవాళ్లకి మాత్రం స్టెంట్, బైపాస్‌ల వల్ల నొప్పి బాగా తగ్గింది. ఎడమ ప్రధాన నాళంలో బ్లాకు ఉన్నవాళ్లని, గుండె బాగా బలహీనపడినవాళ్లని ఇందులో చేర్చలేదు. వాళ్ల సంగతి వేరు.

మీ వారికి సంబంధించి ఇంకా ముఖ్యమైనది ఇంకొకటుంది. షుగర్ ఉండి, ఒకటి కంటే ఎక్కువ నాళాల్లో బ్లాకులున్న 1,900 మంది మీద ఫ్రీడమ్ అనే పరిశోధన చేశారు. అయిదేళ్లలో మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి స్టెంట్లు వేసినవాళ్లలో 26.6 శాతం, బైపాస్ చేసినవాళ్లలో 18.7 శాతం. అంటే షుగర్ ఉన్న మనిషికి రెండు మూడు నాళాల్లో బ్లాకులు కనపడితే, స్టెంటా బైపాసా అన్నది క్యాథ్ ల్యాబ్ గుమ్మం దగ్గర అయిదు నిమిషాల్లో తేలాల్సిన మాట కాదు. గుండె డాక్టరు, ఆపరేషన్ చేసే సర్జన్, మీ వారు, మీరు కూర్చుని బొమ్మలు చూసి మాట్లాడుకోవాల్సినది.

కాబట్టి యాంజియో అవసరమైతే, ముందురోజే డాక్టరు గారితో ఇలా అనండి: 'సార్, ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉంటే తప్ప రేపు యాంజియో వరకే చేయండి. బొమ్మలు చూశాక మాట్లాడుకుని మిగతాది నిర్ణయిద్దాం.' ఈ మాట కేస్ షీట్‌లో రాయమనండి. ఇందులో డాక్టరుని అవమానించేది ఏమీ లేదు. నన్ను అలా అడిగినవాళ్ల మీద నాకెప్పుడూ గౌరవమే పెరిగింది. దీనివల్ల గొట్టం రెండోసారి వేయాల్సి రావొచ్చు, ఖర్చు కొంత పెరగొచ్చు, అది నిజమే. సీడీ మీ చేతికి తీసుకోండి. రిపోర్టులో '60 శాతం' అని ఉంటే అది చాలాసార్లు కంటి అంచనా. అలాంటి నడిమి బ్లాకుల్లో పీడనం కొలిచే సన్నని తీగ పరీక్ష ఉంది, ఎఫ్‌ఎఫ్‌ఆర్ అంటారు. అంకె 0.80కి పైన ఉంటే సాధారణంగా స్టెంట్ అక్కర్లేదు. 'అది చూశారా?' అని అడగండి.

మాత్రలు మాత్రం ఏ స్కాన్ కోసమూ ఆగకూడదు. ఆస్పిరిన్, స్టాటిన్, నొప్పి తగ్గించే మాత్ర ఈ వారమే మొదలుపెట్టాలా అని ఆ ఇద్దరు డాక్టర్లలో ఎవరినైనా అడగండి. నాలుక కింద పెట్టుకునే మాత్ర చొక్కా జేబులో ఉండాలి. సిగరెట్ ఉంటే ఇవాళే ఆపాలి. బస్తాలు మోయడం స్కాన్ అయ్యేదాకా కొట్లో కుర్రాళ్లకే వదిలేయమనండి.

చివర్లో ఒక్క వాక్యంలో మీ ఆయాసం గురించి రాసి, మీరే వయసు మీద వేసి కొట్టేశారు. అమ్మా, దాన్ని నేను అలా వదిలేయలేను. ఆడవాళ్లలో గుండె జబ్బు పట్టేసే నొప్పిగా కాకుండా ఆయాసంగా, నీరసంగా, దవడలోనో వెన్నులోనో లాగినట్టుగా బయటపడటం నేను ఎన్నోసార్లు చూశాను. పెద్ద నాళాలు శుభ్రంగా ఉన్నా సన్నని నాళాల్లో రక్తం సరిగ్గా పారక నొప్పి రావడం కూడా వాళ్లలోనే ఎక్కువ. రక్తం తక్కువైనా, థైరాయిడ్ వల్లయినా ఆయాసం రావొచ్చు. మీ వారి క్రియాటినిన్‌కి వెళ్లే రోజే మీ హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ కూడా ఇచ్చి రండి. బీపీ చూపించుకోండి, ఒక ఈసీజీ తీయించుకోండి. మీ వయసెంతో ఉత్తరంలో రాయలేదు. రిపోర్టులతో పాటు అది కూడా రాసి పంపండి.